పైన పెదనాయన, కింద నాయన

మొన్న చిత్తూరులో ఒక పెళ్ళికి పోతూ ఉంటే పూతలపట్టు జంక్షను దగ్గర కారు టైరు పంచరైంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద పంచర్లు వేసే ఆయన జాకీ పెట్టి, చక్రం నట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చి, ఒకదాని దగ్గర ఆగిపోయాడు. అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆయన లోపలికి పోయి, ఎక్కడ దాచిపెట్టుకున్నాడో గానీ, ఈ రోజుల్లో కంటికే కనిపించని కిరసనాయిలు ఒక సీసాలో తెచ్చి దాని మీద నాలుగు చుక్కలు పోశాడు. తుప్పు మీద కిరసనాయిలు నానేటప్పుడు ఒక వాసన వస్తుంది, పాత ఇనుమూ, చెమటా, కాస్త నెత్తురూ కలిసినట్టు. అది ముక్కుకు తగలగానే నేను కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడ్డాను. నా ఈడు వాళ్ళు చిన్నతనం అనగానే తొలకరి మట్టి వాసననీ, అరిసెల పాకం వాసననీ తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు. వాళ్ళ అదృష్టం అది. నా చిన్నతనం నాకు ఈ వాసనతోనే గుర్తుంది, ఇది పగ వాసన.

మా ఊరు ఆ జంక్షనుకు ఎంతో దూరం లేదు. చెరుకు పండించి, గానుగాడించి, బెల్లం వండి చిత్తూరు మండీకి తోలే ఇల్లు మాది. చలి మొదలైందంటే గానుగ దగ్గరి పొయ్యి ఆరేది కాదు. చెరుకుపిప్పి మంటా, పెద్ద పెనంలో కుతకుతలాడే పాకమూ, మీద తేలే నల్లటి మడ్డీ, ఆ మడ్డి పారబోసిన చోట మూగే కందిరీగలూ, వేడి బెల్లం ముద్దను ఆకులో పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ నాలుక కాల్చుకునే పిల్లలూ, అంతా తీపే. నోటికి తీపి కొదవలేని ఇంట్లో పుట్టాను గానీ, ఆ ఇంట్లో మనిషి నోట ఒక్క తీపి మాట విన్న గుర్తు లేదు. మా తాత పొద్దున్నే వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ కొడుకుల్లో ఒకడిని పేరు పెట్టి తిట్టనిదే నోరు పుక్కిలించేవాడు కాదు. ఒకడిని తిట్టిన రోజు రెండోవాణ్ణి మెచ్చుకునేవాడు, మర్నాడు తారుమారు చేసేవాడు. కొడుకులు బాగుపడతారని అలా చేశాడో, ఊరికే సరదాకి చేశాడో తెలియదు. పెద్దవాడు మా పెదనాయన, చిన్నవాడు మా నాయన. ఇద్దరూ ఆ మెప్పు కోసం ఒకరినొకరు తోసుకుంటూనే పెరిగి పెద్దవాళ్ళయ్యారు.

తాతకు ఒక కారు ఉండేది. మద్రాసులో ఎవరో దొర అమ్మేసిపోయిన బండి అని చెప్పేవాళ్ళు. దాని అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు, పెద్దబండి అనేవాళ్ళం. కాకరకాయ రంగు, గుండ్రటి వీపు, కూర్చుంటే ఉస్సురనే తోలు సీట్లు, బెల్లం దిమ్మెలు మోసి మోసి డిక్కీ నిండా గండుచీమలు. ఇప్పటి కార్లలాగా అది ఒకటే పెట్టె కాదు. కింద ఎడ్లబండి చట్రంలాంటి ఇనుప ఛాసీ, ఇంజనూ చక్రాలూ దాని మీదే. మనుషులు కూర్చునే పైభాగం, అంటే బాడీ, వేరు. రెంటికీ మధ్య అక్కడక్కడా రబ్బరు దిమ్మెలు పెట్టి, కింది నుంచి పొడవాటి బోల్టులు ఎక్కించి, పైన బాడీ అడుగున ఇనుప గూళ్ళలో కూర్చోబెట్టిన నట్లకు బిగించి ఉంటారు. గౌన్లు వేసుకునే ఆడపిల్లకు ఈ సంగతులన్నీ తెలియాల్సిన పని లేదు. తెలిసేలా చేశారు మావాళ్ళు.

తాత పోయిన రోజు నాకు గుర్తున్నది కొంచెమే. తెల్లవారుతుండగా గుండె పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. పెద్దబండి కదల్లేదు. ఎడ్లబండి కట్టి రోడ్డు మీదికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. పెద్దదినం, అంటే పెద్దకర్మ, నాటికి అన్నదమ్ములకు మాటల్లేవు. ఎందుకు లేవో పిల్లలకు ఎవరూ చెప్పలేదు, అడిగితే వీపు మీద ఒకటి పడేది. పొలం, గానుగ, పెనాలు, ఎద్దులు, ఇత్తడి అండాలు, చివరికి చింతచెట్టు కొమ్మలు కూడా పంచుకున్నారు. ఇంటి నట్టనడుమ నుంచి పెరటి చివరి దాకా మట్టిగోడ లేచింది. పెరట్లో కొట్టం కింద పెద్దబండి సరిగ్గా గోడ పోవాల్సిన దారిలో నిలబడి ఉంది. దాన్ని పక్కకు జరపాలంటే ఇద్దరూ కలిసి తొయ్యాలి. కలిసి తొయ్యడం ఇష్టం లేక, గోడను బండి ముక్కు దాకా కట్టించి ఆపేసి, మళ్ళీ బండి తోక దగ్గర మొదలుపెట్టించారు. అలా ఆ కారు గోడలో ఒక భాగమైపోయింది. కుడివైపు తలుపులు మా పెరట్లోకి తెరుచుకునేవి, ఎడమవైపువి పెదనాయన పెరట్లోకి.

గోడకు అటూ ఇటూ బతుకు ఎలా ఉండేదంటే, గాలి మా వైపు వీచే వేళ చూసి పెద్దమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తుందని మా అమ్మ నమ్మకం. అందుకు బదులుగా మా అమ్మ కుడితి నీళ్ళు తెచ్చి గోడ మొదట్లో పోసేది, గోడ నాని ఎప్పటికైనా అటువైపు పడుతుందని. ఉగాదికి రెండు పచ్చళ్ళు, రెండు పోలేల, అంటే బొబ్బట్ల, వాసనలు. ఎవరి వాసన ఎక్కువ దూరం పోయిందన్నది పందెం. మా అవ్వ ఒక నెల ఈ ఇంట్లో, ఒక నెల ఆ ఇంట్లో తినేది. ఏ ఇంట్లో సంగటి తింటుంటే ఆ ఇంటి తరఫున అవతలి ఇంటిని తిట్టేది. నెల మారిన రోజు ఆ తిట్లనే మోసుకుపోయి అటు నుంచి ఇటు తిట్టేది. తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాళ్ళు ఎవర్ని ఎంత తిట్టినా తప్పు లేదంటారు గదా, మా ఇంట్లో ఆ జాతర ఏడాది పొడుగునా జరిగేది.

పెదనాయన కూతురు సరోజ నాకంటే కాస్త పెద్దది. దాంతో మాట్లాడితే కాళ్ళు విరగ్గొడతామని నాకు, నాతో మాట్లాడితే నాలుక కోస్తామని దానికి చెప్పి ఉంచారు. ఎండాకాలం మధ్యాహ్నాలు, పెద్దవాళ్ళు సంగటీ ఊరిబిండి పచ్చడీ తిని కునుకు తీసేటప్పుడు, మేమిద్దరం చెరో తలుపూ తెరుచుకుని పెద్దబండి వెనకసీటులో కలుసుకునేవాళ్ళం. ఉప్పూ కారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు, వేయించిన శెనక్కాయలు, సీటు మీద చిందే అచ్చనగాయలు. అక్కడ ప్రేమగా ఆడుకున్నామని అబద్ధం చెప్పను. "మీ నాయన దొంగ" అని అదంటే "మీ నాయనే దొంగ" అని నేను, జడలు పట్టుకుని గుంజుకునేవాళ్ళం, గిచ్చుకునేవాళ్ళం, అరిస్తే దొరికిపోతామని నోళ్ళు మూసుకుని కొట్టుకునేవాళ్ళం. అయినా మర్నాడు మళ్ళీ చెరో తలుపూ తెరిచేవాళ్ళం.

ఒక వేసవిలో ఆ కారు సంగతి తేల్చాలని ఊరి పెద్దమనిషి వచ్చి గోడ చివర నులకమంచం వేయించుకుని కూర్చున్నాడు. నాయన ఇటు, పెదనాయన అటు.

"అమ్మేసి చెరిసగం తీసుకోండప్పా," అన్నాడు పెద్దమనిషి.

వాడి చెయ్యి పడితే నేను అమ్మనని ఒకరు, వాడు అమ్మితే నేను కాళ్ళడ్డం పెడతానని ఒకరు. పొద్దు తిరిగేదాకా అదే. చివరికి ఆయనకు విసుగొచ్చి తువ్వాలు దులుపుకుని లేస్తూ, "అట్లయితే పైది ఒకరు, కిందిది ఒకరు పీక్కోని పోండబ్బా, పీడా పోతాది" అన్నాడు.

ఇద్దరూ మెడలు తిప్పి బండి వైపు చూశారు.

"పైది నాది," అన్నాడు పెదనాయన. "మా నాయన కూసున్న సీటు వాడికి పోనిచ్చేది లేదు."

"కిందిది నాది," అన్నాడు నాయన. "ఇంజను బాయి కాడ పెట్టుకోని నీళ్ళు తోడుకుంటా."

"తమాషాకు అంటే నిజమనుకుంటిరా ఏంది?" అన్నాడు పెద్దమనిషి. ఎవరూ నవ్వలేదు. అరుగు మీదున్న అవ్వ మాత్రం చేతికర్ర నేలకేసి కొట్టి, "నన్ను గూడా నడుముకాడికి కోసుకోండిరా. మీ నాయన సచ్చి బతికిపోయినాడు" అంది. ఆమె ఏడవలేదు. మా ఇంట్లో ఆడవాళ్ళకు కూడా ఏడుపు కంటే తిట్టే ముందు వచ్చేది.

చిత్తూరు నుంచి గోవిందసామి అనే మెకానిక్కు వచ్చాడు. బీడీ పెదవికి అంటించుకుని, ప్రపంచంలో ఉన్న కార్లన్నిటి మీదా ఒకే రకమైన అసహ్యం పెట్టుకున్న మనిషి. తీగలూ గొట్టాలూ విడదీసి, స్టీరింగు ఊడదీసి, వెల్లకిలా కిందికి దూరాడు. వెనకవైపు బోల్టులు మూలుగుతూ వచ్చేశాయి. ముందువైపు వాటితో తంటా మొదలైంది. కొన్ని తుప్పు పట్టి రాయిలా బిగుసుకున్నాయి. మరికొన్ని ఇంకా మొండివి. పానా పెట్టి తిప్పితే సులువుగా తిరిగేవి, కానీ పైన గూట్లో కదలకుండా ఉండాల్సిన నట్టు, గూడును తుప్పు తినెయ్యడంతో, బోల్టుతోపాటే తిరిగేది. పొద్దంతా తిప్పినా ఒక్క చుట్టు కిందికి దిగదు. గోవిందసామి వాటి మీద కిరసనాయిలు పోసి నానబెట్టాడు. మర్నాడూ పోశాడు, ఆ మర్నాడూ పోశాడు. ఆ వాసన రెండు ఇళ్ళనీ పట్టుకుంది. తాగే నీళ్ళలో అదే, ఆరేసిన బట్టల్లో అదే, సంగటి ముద్దలో అదే. దానితోపాటు పొద్దున్నుంచీ సుత్తి దెబ్బలు. ఒక్కో దెబ్బకూ గోడ మీది మట్టి జలజలా రాలేది, అవతల పెద్దమ్మ మా వంశాన్ని తిట్టేది, ఇవతల అమ్మ వాళ్ళ వంశాన్ని తిట్టేది. రెండూ ఒకటే వంశమన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు.

"నిప్పు పెట్టి నట్టును ఎర్రంగా కాలిస్తే ఊడతాది," అన్నాడు గోవిందసామి.

"బాడీ నాది. నిప్పు తగలనిచ్చేది లేదు," అని గోడ అవతల నుంచి పెదనాయన.

"అట్లయితే బోల్టు కోసేస్తా."

"కోస్తే ఛాసీ చెవి తెగతాది. ఛాసీ నాది," అని ఇవతల నాయన.

"మరి పైన నేలరేకుకు చిల్లి కొట్టి, చెయ్యి పెట్టి, నట్టును తిరక్కుండా పట్టుకోవాల."

"నా బాడీకి చిల్లి పెట్టేదానికి నువ్వెవురు?"

గోవిందసామి బయటికి వచ్చి, చేతులు మసిగుడ్డతో తుడుచుకుని, సామాను సంచిలో వేసుకున్నాడు. "సామీ, ఇది ఒకరు పైన పట్టుకోని, ఒకరు కింద తిప్పితేనే వస్తాది. తుప్పన్నా వదిలిస్తా గానీ మీ ఇద్దుర్ని వదిలించేది నాతో కాదు. మీ మద్దిలో నలిగేదానికి నేను పుట్టలే," అని, ఇస్తామన్న మజ్జిగ కూడా తాగకుండా పోయాడు.

కొన్నాళ్ళు బండి అలాగే రాళ్ళ మీద ఎత్తిపెట్టి ఉంది. ఒక రోజు పొద్దున ఠంగు ఠంగుమని చప్పుడైతే వెళ్ళి చూశాం. పెదనాయన తనవైపు తలుపులోంచి లోపలికి దూరి, ముందుసీటు పీకేసి, మోకాళ్ళ మీద కూర్చుని తనే ఉలితో నేలరేకుకు చిల్లి కొడుతున్నాడు. నాయన కాసేపు చూశాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. చొక్కా విప్పి మంచం మీద పారేసి, బనీనుతో, పానా తీసుకుని ఇటువైపు నుంచి కిందికి దూరాడు. ఒకరితో ఒకరు మాట్లాడరు కాబట్టి నన్ను పిలిచి మావైపు తలుపు దగ్గర మెట్టు మీద కూర్చోబెట్టారు. ఒకరి నోరు నా తల పక్కన, ఇంకొకరిది నా కాళ్ళ పక్కన.

"పట్టుకున్నాడా అడుగు," అన్నాడు కింది నుంచి నాయన.

"పట్టుకున్నావా పెదనాయనా?"

"పట్టుకోకుండా ఈడ గాజులు తొడిగించుకుంటాండానా? తిప్పమను."

"తిప్పమంటాండాడు నాయనా."

"నాకు చెవుడు లేదు. ఇనపడింది."

వినపడితే నేనెందుకు అని అడిగే ధైర్యం నాకు లేదు. చిల్లిలోంచి పెదనాయన సన్నటి పానా దూర్చి నట్టును పట్టుకునేవాడు. కింద నాయన తన పానాకు పైపు తగిలించి బలమంతా పెట్టి లాగేవాడు. ఇద్దరి ముఖాల మధ్యా ఒక రేకు, ఒక చెయ్యి దూరేంత చిల్లి. అలా కొన్ని నట్లు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఎవరి గెలుపో తేల్చుకోలేక ఇద్దరూ ఉమ్మేసేవాళ్ళు. ఎండ ముదిరింది. ఆఖరి నట్టు దగ్గర పానా రెండుసార్లు జారింది. మూడోసారి జారి నాయన మోచెయ్యి ఛాసీకి కొట్టుకుంది.

"సరింగా పట్టుకో!" అని అరిచాడు నాయన. నాతో కాదు.

"తిప్పేది నీకు తెలిస్తే గదా పట్టుకునేది," అన్నాడు పెదనాయన. అదీ నాతో కాదు. తాత పెద్దదినం తర్వాత వాళ్ళిద్దరూ నేరుగా అనుకున్న మొదటి మాటలు అవే. నేను మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాను. ఇక వాళ్ళకు నేను అక్కర్లేదు.

"నీకేం తెలుసు? పీకేది తెలుసు నీకు. నాయన పోయిన పొద్దు బ్యాటరీ పీక్కోని పోయిండేది నువ్వే గదా," అన్నాడు మళ్ళీ పెదనాయనే.

"పీకినా. హరికథ కాడ మైకుసెట్టుకని పీకినా. తెల్లారకముందే తెచ్చి యథాపకారం పెట్టినా."

"పెట్టింటే బండి ఎందుకు కదల్లే?"

"పెట్రోలుంటే గదా కదిలేది! ముందురోజంతా నీ బామ్మర్దిని ఎక్కించుకోని ఊళ్ళు తిరిగొస్తివే, పోసినావా?"

"పోసినా! నిండా పోసినా. నా బిడ్డ మింద ఒట్టు."

"నాకూ ఉండాది బిడ్డ. బ్యాటరీ పెట్టినానని దాని మింద ఒట్టు."

గోడ అవతల సరోజ, ఇవతల నేను, మా నెత్తుల మీద పడ్డ ఒట్లు మోస్తూ నిలబడ్డాం. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, గోడ ఎందుకు లేచిందో, ఈ కారును ఒకరు అమ్మనివ్వక ఒకరు వదలక ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారో. అరుపులకు ఊళ్ళో వాళ్ళు రెండు పెరళ్ళలోనూ పోగయ్యారు. అన్నదమ్ములు ఎవర్నీ లెక్క చెయ్యలేదు. నాయన పైపు లాగుతూనే ఉన్నాడు, పెదనాయన పానా బిగబట్టుకునే ఉన్నాడు.

"నాయన నా తొడ మింద తల పెట్టుకోని పోయినాడురా. 'బండికి ఏమాయరా, బండికి ఏమాయరా' అనుకుంటా పోయినాడు. నేనేం చెప్పాల? తమ్ముడు పీకినాడని చెప్పాల్నా?"

కింద పైపు లాగడం ఆగింది. తర్వాత నాయన గొంతు వచ్చింది, అది నేను ఎప్పుడూ విన్న గొంతు కాదు. "ఎద్దుల్ని తోలిండేది నేను. ఎనక్కి తిరిగి నాయన మొకం సూసేదానికి గూడా నాకు కుదర్లే. నీకు తొడన్నా ఉండాది."

అంటూనే పైపును రెండు చేతులా పట్టుకుని గుంజాడు. తుప్పు కిర్రుమంది. పైన పానా ఒక్కసారిగా తిరిగి, దానికీ చిల్లి అంచుకూ మధ్య పెదనాయన వేలు పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. పెదనాయన అరవలేదు. ఆయన ముఖం మీద చెమట ఒక్కసారిగా పుట్టడం మాత్రం చూశాను. నెత్తురు బోల్టు వెంబడి కారి కింద నాయన చెంప మీద పడింది.

"చెయ్యి తీయి," అన్నాడు నాయన.

"తీయను. తిప్పు."

"చెయ్యి తీయమంటాండా గదా!"

"తీస్తే నట్టు మళ్ళా తిరగతాది. ఇంత అయినాక నీ దగ్గిర ఇంగోరోజు కూసునేది నా వల్ల కాదు. తిప్పు!"

నాయన తిప్పాడు. ఒక్కో గుంజుకీ పెదనాయన పళ్ళు కొరుక్కునేవాడు, కింద నాయన తనకే ఏదో తెగుతున్నట్టు మూలిగేవాడు. నట్టు వదులైంది, బోల్టు జారి కింద మట్టిలో పడింది.

పెద్దమ్మ పసుపు తెచ్చింది. పెదనాయన చేతికి తువ్వాలు చుట్టుకుని, "ముందు దీన్ని ఎత్తండి. ఎత్తేదాకా నేను యాడికీ పోను" అన్నాడు. పోగైన మగవాళ్ళు వాసాలు దూర్చి, భుజాలు పెట్టి, బాడీని మూరెడు ఎత్తు లేపారు. ముందువైపు, ఆ ఆఖరి బోల్టు పక్కన, రబ్బరు దిమ్మె పొడిపొడి అయిపోయి ఉంది. దిమ్మె అరిగిపోయిన చోట బాడీ కిందికి కుంగి, ఛాసీకీ దానికీ మధ్య ఒక లావుపాటి తీగ నలిగి ఉంది. పైతొడుగు కాలి నల్లబడి, లోపల రాగి పోగులన్నీ తెగి, ఒకటో రెండో మిగిలాయి. లారీ నడిపే పక్కింటాయన వంగి చూసి, "ఇది బ్యాటరీ నించి ఇంజనుకు పోయే తీగ గదప్పా. ఇది తెగింటే బ్యాటరీ ఉన్నా కదల్దు, పెట్రోలున్నా కదల్దు" అన్నాడు.

అది ఆ తెల్లవారే నలిగిందో, తర్వాత ఏళ్ళ తరబడి నిలబడి నలిగిందో ఎవరు చెప్పగలరు? నాయన ఆ తీగను బొటనవేలితో ఒకసారి తడిమాడు. పెదనాయన పైనుంచి చూశాడు. వాసాలు మోస్తున్నవాళ్ళు భుజాలు నొప్పెడుతున్నాయని గొణుగుతున్నారు. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారని ఊరంతా ఎదురుచూసింది కాబోలు. పెదనాయన ఉమ్మేసి, "ఏం సూస్తాండారు? నాది నావైపు దించండి" అన్నాడు. దించారు.

పెదనాయన ఆ చేత్తోనే పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి బస్సుకు బయల్దేరాడు. ఎముక విరిగితే మావైపు వాళ్ళకు పుత్తూరే దిక్కు. పెద్దమ్మ వస్తానంటే వద్దన్నాడు. ఆయన వీధి మలుపు తిరిగాక, నాయన చెంప మీది నెత్తురు కూడా కడుక్కోకుండా, ఒంటి మీది బనీనుతోనే వెనకాలే నడిచాడు. అమ్మ చొక్కా నా చేతికిచ్చి పరిగెత్తమంది. నేను రోడ్డెక్కేసరికి బస్సు ఆగి ఉంది. పెదనాయన ముందుతలుపున ఎక్కాడు. నాయన వెనకతలుపున ఎక్కాడు. కిటికీలోంచి చొక్కా అందిస్తే తీసుకుని, "పో ఇంటికి" అని కసిరాడు. సాయంత్రం అదే వరసలో దిగారు, ముందుతలుపున ఒకరు, వెనకతలుపున ఒకరు. పెదనాయన వేలికి వెదురుబద్దలూ గుడ్డా, కోడిగుడ్డు సొన వాసన. ఇంటికి కూడా ఒకరి వెనక ఒకరు నడిచొచ్చారు. నాయన అంత దూరం ఎందుకు పోయొచ్చాడో అమ్మ అడిగింది. నోరు మూసుకోమన్నాడు.

మళ్ళీ మాట్లాడుకున్నారా అంటారేమో. లేదు. ఆ వారంలోనే గోడలో మిగిలిన సందు మట్టితో మూసేశారు, సరోజ అటు, నేను ఇటు. బ్యాటరీ మాటా పెట్రోలు మాటా మాత్రం ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు. తిట్టుకోవడానికి బావి నీళ్ళ వంతులు దొరికాయి, వాటితో సరిపెట్టుకున్నారు. నాయన ఆ ఇంజనును బావి దగ్గర ఒక్కరోజు కూడా నడపలేదు. పెదనాయన బాడీలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఇంటికో సగం చొప్పున పెద్దబండి ఎండకూ వానకూ తుప్పు పట్టి మట్టిలో కలిసింది. పెదనాయన వేలు వంకరగానే అతుక్కుంది. ఆయన పోయిన రోజు నాయన గోడ దాటి అవతలికి పోయి, శవం కాళ్ళ దగ్గర కాక, ఆ చెయ్యి ఉన్న పక్కన కూర్చున్నాడు.

మొన్నటి పెళ్ళిలో సరోజక్క కలిసింది. సత్యవేడు పక్కన ఉంటుంది, కొడుకు శ్రీసిటీలో ఏదో కంపెనీకి పోయి వస్తున్నాడట. పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నాం, మోకాళ్ళ నొప్పుల గురించీ చక్కెర జబ్బు గురించీ చెప్పుకున్నాం. మా మధ్య పగ లేదు. పగ పట్టేంత దగ్గరగా మేము బతకలేదు. తిరిగి వచ్చేటప్పుడు తనను నా కారులోనే ఎక్కించుకున్నాను. దారిలో ఉన్నట్టుండి నవ్వి, "నీకు తెలుసా మే, ఆ పొద్దు పుత్తూరు బస్సులో మీ నాయనకు గూడా టికెట్టు మా నాయనే తీసినాడంట. ఎనకాల కూసున్నాయనకు ఇమ్మని కండక్టరు చేతికిచ్చినాడంట. మీ నాయన దాన్ని చింపి కిటికీలో పారేసి, ఇంగోటి తీసుకున్నాడంట" అంది.

నాకు తెలియదు. నాయన చెప్పలేదు. ఇప్పుడు అడగడానికి ఆయనా లేడు.

"ఆ బస్సు ఆగిండేది యాడ?" అని అడిగింది అక్క.

చూపిద్దామని కారు వేగం తగ్గించాను. గానుగ లేదు, చెరుకు లేదు. మా పొలాల్లో రంగురాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. మా ఇళ్ళున్న చోట గోడ ఆనవాలు కూడా లేకుండా రోడ్డు వెడల్పయింది. ఊరి మీదుగా పెద్ద వంతెన పోతోంది, తిరుపతి బస్సులూ పుత్తూరు బస్సులూ దాని మీదనే దూసుకుపోతున్నాయి. కింద ఊరుందని వాటికి తెలియదు. ఎక్కడో ఇక్కడే, అని చెయ్యి చూపించబోయి, ఎటు చూపించాలో తెలియక దించేశాను. వెనక లారీవాడు హారను కొట్టాడు. మేము కదిలాం.